నిండు కప్పు

మా కరీంనగర్ ఆఫీసులో ఒక అక్క ఉండేది. పెద్ద కంపెనీల్లో కనబడని ఆదివాసీ, దళిత ఇంజనీర్లను ఆ కంపెనీలకు వెతికిపెట్టడం ఆమె పని. ఇంటర్వ్యూ చేసే అధికారి ‘వద్దు’ అనేలా ఉంటే అడక్కుండానే చాయ్ పోసేది. నిండు కప్పు వదిలి లేచే మనిషి ఆమెకు ఎన్నడూ తగల్లేదు.

ఆ రోజు ఆసిఫాబాద్ గోండు అమ్మాయి ప్రశ్న విని నేల చూస్తూ కూర్చుంది. ఈసారీ ఉద్యోగం రాకపోతే బట్టల దుకాణంలో చేరతానని అక్కకు ముందే చెప్పింది.

అధికారి విసుక్కున్నాడు. “మాట్లాడదా మేడం?”

“సోంచాయించి చెప్తది సార్. మీరు జర చాయ్ తాగుండ్రి.”

ఆయన తాగేశాడు. అక్క మళ్ళీ ఫ్లాస్కు వంచితే చుక్క రాలేదు. అయినా ఫ్లాస్కును అలాగే వంచి పట్టుకుంది.

అమ్మాయి తలెత్తింది. “రెండు తీర్ల చెయ్యొచ్చు సార్. ఏది ముందుగాల చెప్పాలె?”

అధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాయ్ తెస్తానని బయటికి పోయిన అక్క కళ్ళు కడుక్కుని, ఖాళీ ఫ్లాస్కుతోనే తిరిగొచ్చింది.