చక్రాలక్క అత్తగారి మొదటి విమానం

ముందు కిర్రుమనే చప్పుడు వస్తుంది. నున్నటి నేల మీద, సూట్‌కేసుల గరగరల మధ్య, ఏదో పిచ్చుక దారి తప్పి లోపలికి వచ్చినట్టు. ఆ చప్పుడు వినగానే వరసలో నిలబడ్డవాళ్ళు తల తిప్పకుండానే పక్కకి జరుగుతారు. తర్వాత చక్రాల కుర్చీ, అందులో ఎవరో పెద్దమనిషి, ఆ వెనక ఆమె.

విమానాశ్రయంలో అందరికీ ఆమె చక్రాలక్క. నడవలేని ప్రయాణికులను గుమ్మం నుంచి విమానం దాకా చేర్చడం ఆమె పని. కుర్చీ ముందుచక్రానికి నూనె వేస్తానని మెకానిక్ ఎన్నిసార్లు వచ్చినా వద్దంటుంది. "జరగండి జరగండి అని నేనరిస్తే కూర్చున్నవాళ్ళు సిగ్గుపడతారు. ఆ అరుపేదో చక్రాన్నే అరవనీ."

వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తానూ వెనకడుగులు వేస్తూ దింపాలి. లేకపోతే కూర్చున్న మనిషి ముందుకు జారిపోతాడు. ఆ అలవాటు ఒంటికి పట్టేసి, ఆమె బస్సు కూడా వెనక్కి తిరిగే దిగుతుంది. "అక్కా, ఇల్లు అటువైపు" అని కండక్టరు రోజూ ఏడిపిస్తాడు.

పేరుకు అంతర్జాతీయమే గానీ, ఆ విమానాశ్రయం ఓ మోస్తరు బస్టాండంత ఉంటుంది. ఉన్నది ఒక్కటే హాలు. సముద్రం దాటే విమానం వారానికి రెండుసార్లే. ఆ రోజుల్లో గేటు మీది బోర్డు తిప్పేస్తారు, పాస్‌పోర్టు అధికారి తన గాజుగదిలో దీపం వేస్తాడు. అంతే, రోజూ చూసే గుమ్మమే పరదేశానికి వాకిలి. ఈ విమానం రాకముందు ఈ ఊరివాళ్ళు పైదేశం పోవాలంటే బస్సులో నలిగి నలిగి మహానగరం చేరాల్సి వచ్చేది.

చక్రాలక్క అత్తగారి మోకాళ్ళు ఆ బస్సుకు ఒప్పుకోలేదు. సముద్రం అవతల కాపురమున్న కూతురి ఇంటిని ఆవిడ ఫోటోల్లో తప్ప చూడలేదు. ఇప్పుడా కూతురికి నెలలు నిండాయి. విమానం గుమ్మం ముందుకే వచ్చింది. ఇక మిగిలిన అడ్డు ఒక్కటే, కుర్చీ.

"చక్రాలెక్కితే ముసలిదాన్ని అయిపోయినట్టే. నడిచే ఎక్కుతా," అని హాలు మధ్యలో భీష్మించుకుంది అత్తగారు.

"అబ్బో, ఇప్పుడేదో పదహారేళ్ళున్నట్టు!" అంది చక్రాలక్క.

"ఇంట్లో నా మాట నువ్వు వినేదానివైతే, ఇక్కడ నీ మాట నేను వినేదాన్ని."

వరసలో నవ్వులు మొదలయ్యాయి. గాజుగదిలోంచి పాస్‌పోర్టు అధికారి తల బయటపెట్టాడు. "పెద్దమ్మా, మీరూ మీ కోడలూ తేల్చుకునేలోపు గేటు మూసేస్తారు."

చక్రాలక్క క్షణం ఆలోచించింది. "సరే, మీరు ఎక్కొద్దు. మీ సంచీ ఎక్కుతుంది. తోసుకుంటూ రండి."

అది అత్తగారికి నచ్చింది. సంచీ కుర్చీలో మహారాజులా కూర్చుంది. ఆవిడ పిడులు పట్టుకుని, ఊతమని ఎవరితోనూ అనిపించుకోకుండానే ఊతం తీసుకుంటూ కదిలింది. పక్కన నడుస్తున్న చక్రాలక్కకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఏళ్ళ తరబడి పిడులకు అలవాటైన చేతులు, గూడు తెలియని పక్షుల్లా కొంగు చుట్టూ తిరిగాయి.

ఇక్కడ విమానం దాకా నడిచే వెళ్ళాలి. బయట ఎండ, సిమెంటు మైదానం, చీరలను ఎగరేసే గాలి. సగం దూరంలో అత్తగారు ఆగిపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. అడుగు ముందుకు పడదు, నోరు మాత్రం ఒప్పుకోదు. మిగిలినవాళ్ళంతా ఎక్కేశారు. విమానం గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి గడియారం చూసుకుంటోంది. ఇది పోతే మళ్ళీ విమానం మూడు నాలుగు రోజుల తర్వాతే. పుట్టబోయే బిడ్డ అన్నాళ్ళు ఆగదు.

తిట్టాలా, బతిమాలాలా? చక్రాలక్క తేల్చుకోలేదు. నోరు తెరిచేసరికి, రోజూ అందరితో అనే మాటే దానంతటది వచ్చేసింది.

"కంగారేం లేదు మేడమ్. నేనున్నాను. నిదానంగా కూర్చోండి."

అత్తగారు కళ్ళు పెద్దవి చేసింది. "ఎవర్నే మేడమ్ అన్నావు?"

చక్రాలక్క నాలిక్కరుచుకుంది. "అలవాటులో వచ్చేసింది అత్తయ్యా."

"అంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళందరితో ఇంత తీపిగా మాట్లాడతావన్నమాట! నాతోనేమో, కంచం అక్కడుంది, అంటావు."

"ఎప్పుడైనా మేడమ్‌లా కూర్చుంటే కదా మీరు!"

అత్తగారు విమానం వైపు చూసింది. కోడలి వైపు చూసింది. "సంచీ తియ్యి," అంది.

విమానం గుమ్మానికి ఆనించిన వాలు ఎక్కిస్తూ ఉంటే చక్రాలక్కకు ఆశ్చర్యం వేసింది. ఇల్లంతా నిండిపోయే మనిషి, ఇంత తేలికా! తడి ఆరిన బట్టంత బరువు కూడా లేదు. ఆ తల మీద నెరిసిన పాపిడిని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదామె. విమానం గుమ్మం దగ్గర అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"బిడ్డ పుట్టగానే ఫోన్ చేస్తా. కుర్చీ ఎక్కానని మాత్రం నా కొడుక్కి చెప్పకు."

రోజూ అయితే గుమ్మం మూయగానే ఖాళీ కుర్చీతో తిరిగి వచ్చేస్తుంది. ఆ పూట అక్కడే, మైదానం అంచున ఆగిపోయింది. విమానం పరుగు తీసి, నేలను వదిలి, సూదిమొనలా మబ్బులోకి దిగబడేదాకా ఉండిపోయింది. ఆమె పెదవుల మీద నవ్వు, దానంతటది వచ్చి కూర్చున్నట్టుంది.

ఆమె గురించి పత్రికలో రాయడానికి పొద్దుటినుంచీ వెంట తిరుగుతున్న మనిషి, "అయితే ఇవాళ హాయిగా ఇంటికెళ్తారన్నమాట," అంటే, ఆ నవ్వు కాస్తా ఆగింది. కొంగు కొస తడిమి చూసుకుంది. తర్వాత పగలబడి నవ్వింది.

"హాయే గానీ, లోపలికెలా వెళ్ళను? ఇన్నేళ్ళలో తలుపు తట్టడమే గానీ తాళం తీసిందే లేదు. పొద్దున మా అత్తయ్యే తాళం వేసింది. తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. ఈపాటికి సముద్రం మీదుంటుంది!"