ఇటలీ పాటకు చింతపండు బస్తా

మా చిన్నప్పుడు... జగదల్‌పూర్‌లో ఇంకా రాజుగారి పాలన ఉన్న రోజుల్లో... మా పక్కింట్లో ఆసుపత్రిలో పనిచేసే ఒక ఇటలీ నర్సమ్మ అద్దెకుండేది. సాయంత్రమైతే గ్రామఫోను పెట్టేది. ఎప్పుడూ ఒకటే పాట! ఒకావిడ తన మొగుణ్ణి ఇంట్లోంచి తరిమేసే పాటట. నీ టోపీ తీసుకో, నీ గొడుగు తీసుకో, మీ అమ్మనీ తీసుకుపో... అని.

ఆ గ్రామఫోనుకు కీ ఇచ్చే పదవి మా చిన్నాన్న కూతురు సుందరిది. నాకంటే ఏడాది చిన్నది... గొంతు మాత్రం తేనె. నర్సమ్మ టోపీ చూపించి "కపెల్లో" అంటే ఇదీ "కపెల్లో" అనేది. గొడుగు చూపిస్తే "ఓంబ్రెల్లో". నర్సమ్మ మురిసిపోయి దాని బుగ్గ గిల్లేది.

నేను గుమ్మం దగ్గరే నిలబడేదాన్ని. నన్నెవరూ లోపలికి రమ్మనలేదు. కుళ్ళుతో నాకు అన్నం సయించేది కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో హల్బీ, బళ్ళో హిందీ... అన్నిట్లోనూ నేనే ముందు. ఈ నాలుగోదాంట్లో ఇదెలా గెలుస్తుంది?

వినగా వినగా నాకూ ఒక మాట దొరికింది. పాట చివర ఆవిడ "బస్తా! బస్తా!" అని అరుస్తుంది. మాది చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారం... బస్తా అంటే నాకు తెలియకపోవడమేమిటి! టోపీ, గొడుగు, అత్తగారు... ఇంత సామాను సాగనంపాలంటే బస్తా కావాలి కదా.

మర్నాడు కొట్లోంచి ఖాళీ చింతపండు బస్తా ఈడ్చుకెళ్ళి, సరిగ్గా ఆ మాట రాగానే నర్సమ్మ కాళ్ళ ముందు పరిచాను.

ఆవిడ తెల్లబోయింది. సుందరి పడీపడీ నవ్వింది. "అయ్యో, సంచి కాదక్కా! ఆమె బాస్తా అంటాంది... ఇగ చాలు, నువ్వు పో అని మొగుణ్ణి అంటాంది! గింత కూడ తెల్వదా ఏంది?"

మా భాషలో బస్తా అంటే గోనెసంచి అని సుందరే హిందీలో "బోరా, బోరా" అంటూ విప్పి చెప్పాక నర్సమ్మ కూడా నవ్వింది. మొదటిసారి నన్ను లోపల కూర్చోబెట్టింది. ఎక్కడనుకున్నారు? ఆ గోనె మీదే! సుందరి కుర్చీలో... నేను కింద. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఆ రికార్డు కూడా దానికే ఇచ్చింది. నాకు ఇప్పటికీ మంటే.

ఇప్పుడు మా మునిమనవరాలు ఫోన్లో ఇటాలియన్ నేర్చుకుంటోంది... చెవుల్లో ఏవో పెట్టుకుని, గదిలో ఒక్కతే. పక్కన కుళ్ళుకునేవాళ్ళు లేకుండా అదేం చదువో!

మిమ్మల్నీ ఒక సుందరి ఉడికించే ఉంటుంది... ఎవరో చెప్పండి, వింటాను. మా సుందరి పోయినేడు పోయింది. ఇప్పుడా పాట నేనెంత తప్పుగా పాడినా... నవ్వేవాళ్ళు లేరు.