లుక్ ఆఫ్టర్ అంటే తర్వాత చూడటం

ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో నా టెన్త్ ఆటోగ్రాఫ్ బుక్ బయటపడింది. ఆ గులాబీరంగు పేజీలు గుర్తున్నాయా మీకు? తిరువూరు వదిలి వెళ్ళిపోతూ నా బెంచీ నేస్తం షమీమ్ అందులో "ఐ విల్ లుక్ ఆఫ్టర్ యూ" అని రాసింది.

"అంటే ఏంటే?" అన్నాను.

"లుక్ అంటే చూడటం, ఆఫ్టర్ అంటే తర్వాత. తర్వాత వచ్చి చూస్తానని, మొద్దూ!"

నమ్మాను. సెలవులిచ్చినప్పుడల్లా బస్టాండులో ఎదురుచూశాను. అసలర్థం కనిపెట్టుకుని చూసుకోవడమని కాలేజీలో తెలిశాక ఇంకా మురిసిపోయాను.

ఇవాళ పెట్టె ఎందుకు తెరిచానంటే, పొద్దున విస్సన్నపేట ఆటోలో షమీమ్ నా ఎదురుగానే కూర్చుంది.

"షమీమ్, నేనే, పద్మని!"

"ఎవరండీ? గుర్తు రావట్లేదు."

చూసుకోకపోతే పోయింది. నన్ను మొద్దూ అన్న నోటితోనే అండీ అంది.