అమ్మకో అర్ర

ఫోన్ పక్కకు పెట్టి జర సక్కగ కూసొని ఇను బిడ్డా. నువ్వు గుట్టలెక్కి తీసుకొచ్చిన ఫొటోల రాయి మీద రాయి పేర్చి ఉన్నది సూడంగనే నాకు పాలకుర్తి గుట్ట యాదికొచ్చింది. సొంతిల్లు కావాలనేటోళ్లు ఆడ రాళ్లతోని చిన్న ఇల్లు పేర్చి మొక్కుతరు. మేమప్పుడు కిరాయింట్ల ఉంటుంటిమి. మా అమ్మ మూడు రాళ్లు పేర్చి మొక్కింది. నేనేమో చిన్నపిల్లను, నిజంగనే అండ్ల ఉండాలె అనుకున్న.

"గిండ్ల మనం పట్టమే!" అని ఎండల ఉరికి ఉరికి రాళ్లు మోసుకొచ్చిన.

"సాలు దా, బస్సు పోతది" అన్నది అమ్మ.

"నీకో అర్ర కట్టెదాక రాను" అన్న.

అమ్మ నవ్వలే. పక్కకు కూసొని రాళ్లందియ్యబట్టింది.

అమ్మ పోయినంక ఈ ఇల్లు కట్టినం. మేస్త్రి రెండర్రలు సాలన్నడు, నేను పట్టుబట్టి మూడోది కట్టించిన. నువ్వు పండుకునేది అండ్లనే. పొద్దుగాల ఆ అర్రల ఎండ పడ్డప్పుడల్లా నాకు మా అమ్మ...

"అమ్మా, దా! అన్నం సల్లారుతాంది!"

వస్తున్న, వస్తున్న! లే బిడ్డా, మీ అమ్మ పిలుస్తాంది.