భజన మండలిలో అమ్మ వంతు

ఇబ్రహీంపట్నంలో మా భజన మండలికి వంతులు వేసే యాప్ చూసిపెట్టమని నన్ను అడిగిన రోజు నాలో భక్తి ఏమీ లేదు. పగ ఉంది.

అంతకుముందు శ్రీరామనవమికి పాట ఎత్తుకునే వంతు మా అమ్మది. తలంటు పోసుకుని, దాచుకున్న చీర కట్టుకుని తాళాలు చేతిలోకి తీసుకుంది. మండలి పెద్ద, మా వాడకట్టంతా పటేలా అని పిలిచే ఆసామి, ఆ తాళాలు గుంజుకుని తన కోడలి చేతిలో పెట్టాడు. "నీ గొంతు బొంగురు పోయింది. పోయి పానకం కలుపు" అన్నాడు అందరూ వింటుండగా. అమ్మ వెళ్లి బెల్లం దంచింది. గిన్నెలు తోముతూ కూడా పాడుకునే మనిషి, ఆ రోజు నుంచి ఇంట్లో సైతం పాడటం మానేసింది.

వంతులన్నీ ఆయన నోటిమాట మీదే నడిచేవి. ఎవరిది తీసి ఎవరికిచ్చాడో ఆ పూట దాకా తెలిసేది కాదు. చుట్టూ ప్లాట్లలో ఇళ్లు లేచి మండలిలో మనుషులు పెరిగారు, గొడవలూ పెరిగాయి. ఇక ఫోన్లో పెడదామని ఆయనే అన్నాడు. కొంగరకలాన్‌లోని ఫ్యాక్టరీలో షిఫ్టులు వేసేది నేనే కాబట్టి నన్ను పిలిచాడు.

మూడు యాప్‌లు చూశాను. ఒకటి ఉత్త ఇంగ్లీషు. రెండోదానిలో పెద్ద ఎవరి వంతు మార్చినా చప్పుడు ఉండదు. మూడోది తెలుగులో ఉంది. దానిలో ఏ మార్పు చేసినా, ఎవరు చేశారో పేరుతో సహా అందరి ఫోన్లకూ పోతుంది.

మూడోదే తీసుకెళ్లాను. ఆయన అడిగింది ఒక్కటే.

"మార్చే పవర్ ఎవరి చేతుల ఉంటది?"

"మీ ఒక్కరి చేతులనే, పటేలా."

అది అబద్ధం కాదు. మిగతాది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కార్తీక పౌర్ణమి వంతు అమ్మకు పడింది. ఆయన మారుస్తాడని తెలుసు. మార్చాలనే కోరుకున్నాను. సాయంత్రం దీపాలు పెడుతుండగా గుడిలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. మండలి పెద్ద మా అమ్మ వంతు తీసేసి తన కోడలికి ఇచ్చాడని అందరూ చదివారు. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించారు.

ముందు లేచింది ఆ కోడలే. తాళాలు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది.

"నేను అడగలే పెద్దమ్మా. అప్పుడు గూడ అడగలే."

ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"గిట్లయితదని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ముందుగాల జర చెప్పొద్దా?"

"ఆనాడు మా అమ్మకు మీరు ముందుగాల చెప్పిన్రా?"

ఆయన వెనక్కి తిరిగి బయటికి నడిచాడు.

అమ్మ పాట ఎత్తుకుంది. గొంతు నిజంగానే బొంగురుగా ఉంది. రెండో చరణంలో ఊపిరి అందకపోతే ఆ కోడలే అందుకుంది. ఆ పాట నేను సరిగా విననేలేదు. గుమ్మం అవతల వంగి చెప్పులు వెతుక్కుంటున్న ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. కడుపు నిండినట్టు అనిపించింది.

ఇంటికి వస్తుంటే, ప్రసాదం తినకుండానే పోయాడు పాపం అంది అమ్మ. నాకు పాపం అనిపించలేదు. ఆయన ఇప్పటికీ మండలి పెద్దే, కానీ ఆ తర్వాత ఎవరి వంతూ ముట్టుకోలేదు. దారిలో ఎదురైతే నమస్తే పెడతాను. ఆయన మొహం తిప్పుకునేదాకా అక్కడి నుంచి కదలను.