పంటి కింద చప్పుడు

టేకులపల్లిలో పాతకాలపు కార్లు బాగుచేసే శ్రీశైలానికి చెవిలో అరిస్తే తప్ప వినపడదన్న సంగతి భార్య అనంతమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో కంప్రెసర్ పక్కన పనిచేశాడు. చెవులు అక్కడే పోయాయి. ఆ మాట బయటపడితే షెడ్డుకు ఇక బండి రాదని ఆయన భయం.

ఒకరోజు మధిర రైతు వెంకటప్పయ్య వాళ్ల తాతగారి కారు తెచ్చాడు. ముందు భాగంలో గరగర, బండంతా సన్నని వణుకు. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు ఇంజన్ విప్పి, ఏమీ దొరక్క మళ్లీ బిగించారు.

శ్రీశైలం ఇంజన్ నడిపించి, వెదురుపుల్ల ఒక కొన వాటర్ పంపుకు ఆనించి, రెండో కొన పళ్లతో పట్టాడు. తరవాత డైనమోకు ఆనించాడు. ఈసారి పుర్రె అదిరింది; రోగం అక్కడే.

"ఏంటయ్యా, బండిని కొరుకుతున్నావు?" అన్నాడు వెంకటప్పయ్య వెనక నుంచి. శ్రీశైలం తల తిప్పలేదు.

"పనిల ఉంటే మా ఆయన ఎవలతోని మాట్లాడడు సారూ," అన్నది అనంతమ్మ.

డైనమో బేరింగ్ మార్చగానే చప్పుడు, వణుకు రెండూ పోయాయి. వెంకటప్పయ్యకు అనుమానం మాత్రం పోలేదు.

"బండికి నిప్పంటుకుంది!" అని వెనక నుంచి అరిచాడు.

శ్రీశైలం నిదానంగా చేతులు తుడుచుకుంటున్నాడు. అనంతమ్మ తల దించుకుంది.

"చెవులున్నోళ్లు ఇద్దరు చూశారు, ఏం లాభం?" అన్నాడు వెంకటప్పయ్య. "మా బావమరిది బండి కూడా మూలుగుతోందమ్మా. రేపు తోలుకొస్తాం."

కారు వెళ్లాక శ్రీశైలం, "ఏమన్నడే?" అని అడిగాడు.

అనంతమ్మ ఆయన పళ్ల వైపు వేలు చూపిస్తూ, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది: "రేపు ఇంకో బండి వస్తదట! పండ్లు పైలం!"