అక్క పుట్టింటికి వచ్చిన రోజు

మా అక్క సౌహింగ్‌కి పుట్టిల్లూ అత్తారిల్లూ ఒకటే. మాకు అన్నదమ్ములు లేరు. అందుకని నాన్న పెద్దదాన్ని ఇంట్లోనే ఉంచుకుని, నది పాయకు అవతల ఉన్న పామ్‌కాంగ్ నుంచి లోక్ బావను ఇల్లరికం తెచ్చాడు. వాళ్ళ పిల్లలకు మా క్వాన్ ఇంటిపేరే పెట్టారు. నన్ను మాత్రం పట్నంలో టైల్స్ దుకాణం పెట్టుకున్నవాడికి ఇచ్చి బస్సెక్కించారు.

అక్కను చూస్తే నాకు కడుపుమంట. దాచుకోవడం నాకు చేతకాదు. అమ్మ చివరిదాకా ఆమె దగ్గరే ఉంది, ఆమె కాచిన గంజే తాగింది. పెరట్లో లిచీ చెట్లు ఆమెవి, చేపల చెరువు ఆమెది, అమ్మ కూర్చున్న వెదురు కుర్చీ కూడా ఆమెదే. పండక్కి వెళ్ళినప్పుడు నేను ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, "లే లే, అక్కడ ఊడవాలి," అంటూ చీపురు పట్టుకుని వచ్చేది.

నన్ను చూసి కుళ్ళుకోవడానికి అక్కకేం తక్కువ అనుకునేదాన్ని. ఆడపడుచుల రోజు మొదలయ్యాక గాని తెలియలేదు.

కొన్నేళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఈ వేడుక చేస్తున్నాయి. పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన ఆడపడుచులంతా ఒకే రోజున, ఒకే రకం ఎర్ర బట్టల్లో, ఎర్ర గొడుగులు పట్టుకుని పుట్టిన ఊరికి రావాలి. ఊరి రాతి తోరణం కింద ఎవరింటివాళ్ళు వాళ్ళ ఆడబిడ్డకు టీ అందిస్తారు. ఆ టీ తాగినవాళ్ళు డప్పుల మధ్య పూర్వీకుల మందిరానికి వెళ్ళి, మధ్య తలుపులోంచి లోపల అడుగు పెట్టాలి. మామూలు రోజుల్లో ఆ తలుపు మూసే ఉంటుంది, అందరూ పక్క తలుపులోంచే తిరుగుతారు. మా చిన్నతనంలో అయితే ఆ మధ్య గడపను ఏ ఆడదాని కాలూ దాటలేదు.

ఆ మందిరం ఊడ్చేది మా అక్కే. పూర్వీకుల పేర్లు చెక్కిన పలకల ముందు అగరొత్తులు వెలిగిస్తుంది, మధ్య తలుపు ఇత్తడి కడియాలు బూడిదతో తళతళా తోముతుంది, పక్క తలుపులోంచి ఇంటికి పోతుంది. మొదటి వేడుక రోజు మేం టపాకాయల మోతలో లోపలికి వెళ్తుంటే, నాకు టీ ఇచ్చిన చేత్తోనే అక్క వెనక వంటశాలలో తామర దుంపలు చెక్కు తీస్తోంది. నేను గొడుగుతో సహా అక్కడికి వెళ్ళాను. చూపించుకోడానికే వెళ్ళాను.

"బానే ఉందే గొడుగు," అంది తలెత్తకుండా. "వాన పడట్లేదుగా, మూసెయ్."

"నువ్వూ ఓసారి లోపలికి రారాదటే అక్కా?"

"నేనెక్కణ్ణించి రావాలే? ఎక్కడికైనా పోతేగా!"

ఆ మాట అంటూ దుంపను ఎంత కసిగా గీరిందంటే సగం తొక్కలోనే పోయింది. నాకు లోపల చల్లగా అనిపించింది.

అక్క ఈసారి ఊరుకోలేదు. వేడుకకు ముందు నేను పండక్కి వెళ్ళినప్పుడు, మందిరం వ్యవహారాలు చూసే కామ్‌షెంగ్ బాబాయి దగ్గరికి నా ఎదుటే వెళ్ళింది. ఆయన గొడుగుల కట్ట విప్పుతున్నాడు.

"బాబాయ్, నాకూ ఒకటియ్యి."

"నీకెందుకమ్మా? నువ్వు ఇంటికి కొడుకులాంటిదానివి."

"కొడుకునైతే పూర్వీకుల పూజయ్యాక పంది మాంసం పంచుతారు కదా, అందులో నా వాటా ఏదీ?"

"అది మగాళ్ళకి కదే పిచ్చిదానా!"

"అయితే కూతుర్నే. గొడుగియ్యి."

"బయటికెళ్ళి తిరిగొచ్చే కూతుళ్ళకే గొడుగు. వెళ్ళనిదానివి ఎలా వస్తావు చెప్పు? ఆ రోజు నువ్వు బాతు వండకపోతే ఈ ఊళ్ళో ఎవడికి ముద్ద దిగుతుంది?"

బాబాయి పొగిడాననే అనుకున్నాడు. అక్క బయటికి వచ్చి నా మీద పడింది.

"నవ్వకు. నీకేమే, ఏడాదికోసారి మహారాణిలా దిగుతావు."

"నీకేమే, ఏడాది పొడుగునా అమ్మ కుర్చీలో కూర్చుంటావు."

"కుర్చీ కావాలా? పట్టుకుపో. ఆ గొడుగిచ్చి పో."

నేను గొడుగు ఇవ్వలేదు, అక్క కుర్చీ ఇవ్వలేదు.

వేడుక రోజు పొద్దున్నే మేమంతా పెద్ద రోడ్డు పక్కన బస్సులు దిగి వరస కడుతున్నాం. రేవు వైపు నుంచి ఒకావిడ నడిచి వస్తోంది. మా అమ్మ కుట్టించిన పెళ్ళి చొక్కా, వెలిసిపోయిన ఎరుపు, గుండీలు పట్టడం లేదు. చేతిలో బావ చెరువు గట్టు మీద పట్టుకునే నల్ల గొడుగు. దానికి చుట్టూ ఎర్ర కాగితం అంటించి ఉంది.

"ఎక్కణ్ణించే అక్కా?" అన్నాను.

"అత్తారింటి నుంచి."

"నీకు అత్తారిల్లేమిటే?"

"నాకూ ఉందిలే ఒకటి. నిన్న పడవెక్కి పామ్‌కాంగ్ వెళ్ళా. పెళ్ళయ్యాక ఆ ఊరు చూడడం ఇదే మొదలు. మా తోడికోడలు పక్క వేసింది, పొద్దున్నే చేప గంజి పోసింది. మంచి మనిషే, పాపం."

"మరి బాతు?"

"బాబాయి వండుకుంటాడు."

అప్పుడు నాకు వెలిగింది. "మరి తోరణం దగ్గర నాకు టీ ఎవరిస్తారు?"

మా ఇంటి తరఫున టీ ఇచ్చేది తనొక్కతే. అమ్మానాన్నలు లేరు, వదినలు లేరు. తనే ఇప్పుడు నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. నాకు టీ లేదు, తనకూ లేదు. "మీ ఆయనకైనా చెప్పావా?" అని గుచ్చి అడిగాను. "పామ్‌కాంగ్ వెళ్తున్నానని చెప్పా. టీ సంగతి ఎలా అడగనే? ఇల్లరికం వచ్చినాయన, మందిరం విషయాల్లో ఏనాడూ నోరెత్తలేదు," అంది. గొడుగుకు ఊడుతున్న ఎర్ర కాగితాన్ని వేలితో అదిమింది.

డప్పులు మొదలయ్యాయి. ముందున్నవాళ్ళను వాళ్ళ వదినలు పేరుపేరునా పిలిచి టీ అందిస్తున్నారు. పట్నంలో నాతో ఒక్క మాట కూడా కలపని ఆవిడకు ముగ్గురు మేనల్లుళ్ళు కప్పులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరినీ చూస్తుంటే నా ఒళ్ళు మండిపోయింది. మా వంతు వచ్చేసరికి కామ్‌షెంగ్ బాబాయి అడ్డంగా నిలబడ్డాడు.

"సౌహింగ్! నువ్విక్కడేంటి? పొయ్యిలు ఇంకా అంటించనే లేదు!"

"పుట్టింటికొచ్చాను బాబాయ్."

"టీ పట్టుకుని ఎవరున్నారమ్మా నీకు? టీ లేనిదే మధ్య తలుపు లేదు. నీకు తెలీదా?"

అక్క తల వంచుకుంది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తను వెనక్కి తిరిగి పోతుందనే అనుకున్నాను.

"తప్పుకోండి, తప్పుకోండి, కాలుతుంది," అంటూ జనాన్ని తోసుకుని లోక్ బావ వచ్చాడు. చెరువు బురద కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నాడు. పళ్ళెంలో రెండు కప్పులున్నాయి.

"వచ్చావా?" అన్నాడు అక్కతో. "రాత్రి మావాళ్ళు సరిగ్గా చూసుకున్నారా?"

బాబాయి మొహం చిట్లించాడు. "లోక్, నువ్వు బయటి ఊరివాడివి. పుట్టింటి టీ నువ్వెలా ఇస్తావయ్యా?"

"నా పిల్లలు క్వాన్‌లు. మామగారి సమాధి చుట్టూ గడ్డి కోసేది నేను. మందిరం కప్పు కారితే పైకెక్కేదీ నేనే. ఇన్నేళ్ళూ ఈ ఇంటివాడివేనని అన్నీ చేయించుకున్నారు. ఈ ఒక్క పూటా కాదంటే ఎలా బాబాయ్?"

బావ అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బాబాయి, "ఆ నల్ల గొడుగైనా మూయించండి," అంటూ పక్కకు జరిగాడు.

అక్క కప్పు రెండు చేతులా పట్టుకుని ఆఖరి చుక్క దాకా తాగింది. రెండోది నాకు అందింది. ఈ వాదనలో చల్లారిపోయింది. మా ఆయన ఇన్నేళ్ళలో నాకోసం ఎక్కడా, ఏ గుమ్మంలోనూ ఎదురుచూడలేదు. ఆ చల్లటి టీ ఒక్క గుక్కలో మింగేశాను.

మధ్య తలుపు దగ్గర అక్క కాసేపు ఆగింది. తను తోమిన ఇత్తడి కడియాన్ని ఒకసారి తడిమి చూసుకుంది. తరవాత కాలు బాగా పైకెత్తి గడప దాటింది. నేను వెనకే దాటాను. నన్నెవరూ చూడలేదు.

వంటశాలలో మగవాళ్ళు బాతు మాడ్చేశారు. ఎవరో వచ్చి అక్కను బతిమాలారు. "పుట్టింటికొచ్చినదాన్ని, నాచేత పని చేయిస్తారా?" అని కదలకుండా కూర్చుని, ఉప్పు తక్కువైందని వంక పెడుతూ రెండుసార్లు వడ్డించుకుంది.

పొద్దుగూకే ముందు ఆడపడుచులంతా బయల్దేరాలి. తలా ఒక కాల్చిన పంది మాంసం పొట్లం, ఒక చెరకు గడ చేతిలో పెట్టి పంపిస్తారు. అక్కకూ పెట్టారు. ఆ మందిరం నుంచి తనకు మాంసం అందడం అదే మొదటిసారి. పొట్లం గుండెకు హత్తుకుని మాతోపాటు తోరణం దాకా నడిచి వచ్చింది.

"ఎక్కుతావా బస్సు?" అన్నాను దెప్పుతూ.

"ఎక్కడికే?" అంది నవ్వి. చెరకు గడ బావకిచ్చి, గొడుగు చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ మా సందులోకి మళ్ళారు. ఇంటికి వెళ్ళగానే అక్క అమ్మ కుర్చీలో కూర్చుని ఆ పొట్లం విప్పుతుంది. పుట్టింటికి రావడమూ అక్కకే దక్కింది, పుట్టిల్లూ అక్కకే దక్కింది. నేను నా ఎర్ర గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సు కదిలింది.